బజ్జీల నూనెతో బండి నడపొచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. 2021 మోడల్ డీజిల్ పికప్ బండి ఉంది. అనకాపల్లి నుంచి కూరగాయలు, కిరాణా సరుకు వేస్తుంటాను. సీజన్లో కేటరింగ్ వాళ్ల సామాను అరకు తీసుకెళ్తాను. వారానికి దాదాపు 40 లీటర్ల డీజిల్ పడుతుంది. మా బావమరిదికి టిఫిన్ సెంటర్ ఉంది. అక్కడిదీ, పక్కనున్న రెండు బజ్జీల బళ్లదీ కలిపితే వారానికి 30 లీటర్ల వాడేసిన నూనె ఊరికే దొరుకుతుంది. అందులో మిథనాల్, కాస్టిక్ సోడా కలిపితే బయోడీజిల్ అవుతుందని వీడియోలో చూశాను. మిథనాల్ లీటరు 60 రూపాయలకు తెచ్చిపెడతానని తెలిసినాయన ఒకరు అన్నారు. మేడ మీద ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, డ్రిల్లింగ్ మెషిన్‌తో కలుపుదామని నా ఆలోచన. మా ఆవిడ వద్దంటోంది. అడుగున మిగిలే గ్లిజరిన్‌తో సబ్బులు చేసుకోవచ్చేమో అడగమని కూడా ఆమే అంది. సబ్బవరంలో నాన్నగారి తోటలో పాత సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజిను ఉంది, దానికైనా పనికొస్తుందా? – ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: ముందు మీ ఆవిడ మాట వినండి. మేడ మీద ఈ పని పెట్టుకోవద్దు. 2021 బండిలో ఇంట్లో చేసిన బయోడీజిల్ అసలే పోయవద్దు. అలాగని మీరు విన్నది అబద్ధం కాదు. నూనెతో ఇంజిను నడుస్తుంది. 1900లో ప్యారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక డీజిల్ ఇంజిన్ని వేరుశెనగ నూనెతో నడిపి చూపించారు. ఇవాళ కాకినాడలో ఫ్యాక్టరీలు టన్నులకొద్దీ బయోడీజిల్ తీస్తున్నాయి. చేయడం కుదురుతుంది. మీ ఇంట్లో, మీ బండికి, మీ లెక్కలో గిట్టుబాటు అవుతుందా అన్నదే చూడాలి.

అసలు ఏం జరుగుతుందో చెప్తాను. వంటనూనె చిక్కన. దాని చిక్కదనం డీజిల్‌కి దాదాపు పది రెట్లు ఉంటుంది. అందుకే వడగట్టిన నూనెని నేరుగా డీజిల్లో కలిపి పోస్తే మొదట్లో బండి బాగానే నడుస్తుంది, తర్వాత నాజిల్స్ మీద మసి గట్టిపడి, పిస్టన్ రింగులు పట్టేసి షెడ్డుకి చేరుతుంది. మిథనాల్, కాస్టిక్ సోడా కలిపినప్పుడు నూనె అణువు విడిపోయి రెండు పదార్థాలవుతుంది. పైన తేలేది పల్చటి బయోడీజిల్, అడుగున చేరేది ముదురు గోధుమ రంగు గ్లిజరిన్. వంద లీటర్ల నూనెకి 20 నుంచి 22 లీటర్ల మిథనాల్ పోయాలి. వేడి 55 డిగ్రీల దగ్గర ఉంచాలి, ఎందుకంటే 65 డిగ్రీలకల్లా మిథనాల్ మరిగి ఆవిరైపోతుంది.

వీడియోలో ఇదంతా కొత్త నూనె ప్యాకెట్ కట్ చేసి పోసి చూపిస్తారు. మీ దగ్గరికి వచ్చేది గారెలు, పునుగులు వేగిన నూనె. అందులో పప్పు రుబ్బు తడి ఉంటుంది, శనగపిండి మడ్డి ఉంటుంది, మళ్లీ మళ్లీ కాగడం వల్ల పుట్టిన ఆమ్లాలు ఉంటాయి. ఈ మూడూ కాస్టిక్ సోడాకి పడవు. తడి ఉన్నా, ఆమ్లం ఎక్కువున్నా డ్రమ్ములో తయారయ్యేది సబ్బు. గంటసేపు కలిపాక రెండు పొరలుగా తేరాల్సింది తేరకుండా, జిగటగా ముద్దగా మిగిలిపోతుంది. అప్పటికే పోసేసిన మిథనాల్ అందులోనే ఉంటుంది కాబట్టి పారబోయడానికీ ఉండదు.

అందుకని తెలిసినవాళ్లు ముందు రెండు పనులు చేస్తారు. నూనెని గుడ్డలో వడగట్టి, రెండ్రోజులు కదపకుండా ఉంచి, పైది మాత్రం తీసి 110 డిగ్రీల దాకా కాచి తడి పోగొడతారు. చిటపటలు పూర్తిగా ఆగే దాకా కాయాలి. తర్వాత ఆమ్లం ఎంతుందో కొలుస్తారు. ఒక మిల్లీలీటరు నూనెని 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో కలిపి, లీటరు నీళ్లలో ఒక గ్రాము కాస్టిక్ సోడా కరిగించిన ద్రావణాన్ని సిరంజితో చుక్కచుక్కగా వేస్తూ, అందులో ముందే వేసిన ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే రంగు మారే ద్రావణం) గులాబీ రంగుకి తిరిగే దాకా చూడాలి. ఫినాఫ్తలీన్ లేకపోతే పసుపు చాలు. సున్నం తగిలితే పసుపు పారాణి అయ్యేది కూడా ఈ క్షార గుణం వల్లే, ఇక్కడా అలాగే ఎర్రబడుతుంది. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో, లీటరు నూనెకి అన్ని గ్రాముల సోడా అదనంగా వేయాలి. మామూలుగా వేసే సుమారు 5 గ్రాములకి ఇది అదనం. ఆ అదనం 5, 6 గ్రాములు దాటిందంటే ఆ నూనె ఈ పద్ధతికి పనికిరాదు. మీ మూడు చోట్ల నుంచి వచ్చే నూనె మూడు రకాలుగా ఉంటుంది, వారం వారం మారుతుంది కూడా. ప్రతిసారీ కొలవాల్సిందే.

ఇంకో మాట. కాస్టిక్ సోడాని అల్యూమినియం గిన్నెలో గానీ గరిటెతో గానీ ముట్టుకోకండి. అల్యూమినియాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువు వదులుతుంది. టిఫిన్ సెంటర్లో చేతికందే పెద్ద గిన్నెలన్నీ దాదాపు అవే కాబట్టి చెప్తున్నాను.

ఇక మిథనాల్ సంగతి. మీరు ఆలోచన మానుకోవాలని నేననడానికి అసలు కారణం ఇదే. కల్తీ సారా తాగి ప్రాణాలు పోయాయని, చూపు పోయిందని పేపర్లో చదువుతాం కదా, ఆ సారాలో ఉండేది ఇదే. పది మిల్లీలీటర్లు కడుపులోకి పోయినా కళ్లు పోవచ్చు. తాగనక్కర్లేదు, చర్మం గుండా ఎక్కుతుంది, ఆవిరి పీల్చినా ఎక్కుతుంది. ఎక్కిన వెంటనే తెలియదు, పన్నెండు గంటలో ఇరవైనాలుగు గంటలో గడిచాక చూపు మసకబారడంతో బయటపడుతుంది. నీళ్లలాగే ఉంటుంది. వేసవిలో మేడ మీద వాటర్ బాటిల్లో ఉన్నదేదో పిల్లలు ఎత్తి తాగరని ఎవరు చెప్పగలరు?

మంట సంగతి ఇంకా ఘోరం. మిథనాల్ 12 డిగ్రీల దగ్గరే అంటుకోగల ఆవిరి వదులుతుంది. విశాఖలో ఏ నెలలోనూ అంత చల్లగా ఉండదు, కాబట్టి మూత తీసిన ప్రతిసారీ ఆ ఆవిరి ఉన్నట్టే. పట్టపగలు మిథనాల్ మంట కంటికి సరిగా కనపడదు, వేడి తగిలాకే తెలుస్తుంది. మీరు డ్రిల్లింగ్ మెషిన్‌తో కలుపుతానన్నారు. ఆ మెషిన్ వెనకవైపు గాలి సందుల్లోంచి చీకట్లో ఒకసారి చూడండి, లోపల కార్బన్ బ్రష్‌ల దగ్గర నీలంగా నిప్పురవ్వలు కనిపిస్తాయి. వాటిని తెచ్చి మిథనాల్ డ్రమ్ము మీద పట్టుకోబోతున్నారు. ఫ్యాక్టరీల్లో ఈ పనికి నిప్పురవ్వ బయటికి రాని మోటార్లు, పూర్తిగా మూసిన ట్యాంకులు, ఆవిరిని చల్లబరిచి వెనక్కి పట్టే ఏర్పాటు ఉంటాయి. మేడ మీద ఉండేది ఆరేసిన బట్టలు, కిందింట్లో వెలిగే గ్యాస్ పొయ్యి.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకై ఏం జరిగిందో మన ఊరివాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. అది వేరే రసాయనం, వేరే స్థాయి, ఒప్పుకుంటాను. కానీ పక్కింటివాళ్లు మీ మేడ మీద రసాయనాల డ్రమ్ములు చూసి పోలీసులకి ఫోన్ చేస్తే వాళ్లని తప్పుపట్టలేం. పైగా మిథనాల్ అమ్మకం, నిల్వల మీద ప్రభుత్వ నిఘా, లైసెన్సు షరతులు ఉన్నాయి. బిల్లు లేకుండా "తెచ్చిపెడతా" అన్నాయన ఎక్కణ్నుంచి తెస్తున్నాడో మీకు తెలుసా? రేపు ఏదైనా అయితే డ్రమ్ము దొరికేది మీ ఇంట్లో.

ఇప్పుడు డబ్బు లెక్క. మీరు నూనె ఊరికే వస్తుందన్నారు. రాదు, దానికీ ధర ఉంది. వాడిన నూనెని సేకరించి బయోడీజిల్ కంపెనీలకి పంపేవాళ్లు కొంటున్నారు. లీటరు 45 రూపాయలనుకుందాం, మీ దగ్గర ఎంత పలుకుతుందో కనుక్కుని ఆ అంకె వేసుకోండి. వారానికి 30 లీటర్లంటే ₹1,350. అది మీరో మీ బావమరిదో వదులుకుంటున్న సొమ్ము. ఆ 30 లీటర్లలో మడ్డి, తడి పోగా 27 మిగులుతాయి. దానికి 6 లీటర్ల మిథనాల్, ₹360. సోడా, టెస్టు సామాను, కాచడానికి, ఆరబెట్టడానికి కరెంటు కలిపి ఇంకో వంద. మొత్తం ₹1,810. కడగడంలో పోయేది పోగా చేతికొచ్చేది 24 లీటర్లు. బయోడీజిల్లో శక్తి డీజిల్ కంటే దాదాపు 8 శాతం తక్కువ, మైలేజీ ఆ మేరకు తగ్గుతుంది. అంటే అది 22 లీటర్ల డీజిల్‌కి సమానం. డీజిల్ 97 రూపాయలనుకుంటే ₹2,134. వారానికి మిగిలింది ₹324.

నెలకి పదమూడు, పద్నాలుగు వందలు. దీనికి వారంలో రెండు సాయంత్రాలు పోతాయి, డ్రమ్ములు, పంపు, హీటర్ కొనాలి, ఫిల్టర్లు తరచూ మార్చాలి. ఒక బ్యాచ్ సబ్బయిపోతే ఆ నెల లాభం పోయినట్టే. మిథనాల్ చవకలో దొరికి, నూనె నిజంగానే కొనేవాడు లేకపోతే లెక్క మారుతుంది, కాదనను. కానీ ఇందులో ఇంజిను రిపేరు ఖర్చు ఇంకా వేయలేదు.

మీ బండి 2021దంటే బీఎస్6 కాలుష్య ప్రమాణాలతో వచ్చినది. ఇలాంటి చాలా డీజిల్ బళ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. అది నిండినప్పుడు కాల్చి శుభ్రం చేయడానికి ఇంజిను కొంచెం ఎక్కువ డీజిల్ చిమ్ముతుంది. డీజిల్ అయితే ఆవిరై పోతుంది. బయోడీజిల్ అంత తేలిగ్గా ఆవిరవదు, సిలిండర్ గోడల మీదుగా ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ లెవెల్ పెరిగినట్టు కనిపిస్తుంది, చూసి సంతోషిస్తాం. నిజానికి ఆయిల్ పల్చబడి బేరింగులు అరుగుతుంటాయి. ఇంజెక్టర్లలో పనిచేసే పీడనం వెయ్యి బార్లకు పైమాటే, అంత సన్నటి రంధ్రాల్లోంచి సబ్బు నలుసు వెళ్లినా ఇరుక్కుపోతుంది. బంకులో అమ్మే డీజిల్లో 7 శాతం దాకా బయోడీజిల్ కలపడానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి, కానీ అది ఐఎస్ 15607 అనే బయోడీజిల్ నాణ్యత ప్రమాణం ప్రకారం ల్యాబులో పరీక్ష చేసిన సరుకు. డ్రమ్ములో తయారుచేసింది పోశారని సర్వీస్ సెంటర్‌కి తెలిస్తే వారంటీ మాట ఎత్తనివ్వరు.

ఇక అరకు ట్రిప్పులు. బజ్జీల బళ్ల మీద ఎక్కువగా వాడేది పామాయిల్. పామాయిల్ బయోడీజిల్ 15 డిగ్రీల దగ్గరే నెయ్యిలా పేరుకోవడం మొదలుపెడుతుంది. గాజువాకలో ఇది మీకు తెలియనే తెలియదు. డిసెంబరులో రాత్రి అరకులో బండి ఆపి, తెల్లారి పది డిగ్రీల చలిలో స్టార్ట్ చేస్తే ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది. కేటరింగ్ వాళ్ల పెళ్లి సామానుతో ఘాట్ రోడ్డు మీద ఆగిపోతే ఆ టెన్షన్ ఊహించుకోండి.

మరి నూనెని ఏం చేయాలి? అమ్మండి, కానీ సరైనవాళ్లకి. 2018 జులై 1 నుంచి ఒక నియమం ఉంది. పదేపదే కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనే చెడు పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వంటకి వాడకూడదు. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, వాడిన నూనెని బయోడీజిల్‌కి మళ్లించే రూకో కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ నూనెతో చేసిన బయోడీజిల్ కొంటామని 2019లో ప్రభుత్వ చమురు కంపెనీలు మొదటి ఏడాదికి లీటరు 51 రూపాయల ధర కూడా ప్రకటించాయి. దీనికింద నమోదైన సేకరణదారులు ఉన్నారు. మీ బావమరిదికి ఎలాగూ ఫుడ్ లైసెన్సు ఉండాలి కాబట్టి, ఆ ఆఫీసులోనే మన జిల్లాకి వచ్చే సేకరణదారుల వివరాలు అడగమనండి. రోజుకి 50 లీటర్లకి మించి నూనె వాడే వ్యాపారాలు లెక్క రాసి పెట్టుకోవాలి, చిన్న టిఫిన్ సెంటర్‌కి ఆ బాధ లేదు. అయినా రసీదు తీసుకోండి. ఎందుకంటే రసీదు ఇవ్వకుండా రెండు రూపాయలు ఎక్కువిచ్చి టిన్నులు పట్టుకెళ్లే వాళ్లలో కొందరు దాన్నే వడకట్టి, చవక నూనెగా మళ్లీ చిన్న బళ్లకే అమ్ముతారు. మీరు ఇచ్చిన నూనెలో వేగిన మిరపకాయ బజ్జీ మీరే కొనుక్కుని తినే పరిస్థితి రాకూడదు.

ఆ ₹1,350 మీరూ, మీ బావమరిదీ, బళ్లవాళ్లూ పంచుకుంటే మీ వాటా కింద మిథనాల్ జోలికి వెళ్లకుండానే నాలుగైదు లీటర్ల డీజిల్ వస్తుంది. నూనె సేకరించి, తెచ్చి అప్పగించే పని మీరే చేస్తే మీ వాటా కొంచెం ఎక్కువ అడగొచ్చు, బండి మీది కదా. అనకాపల్లి నుంచి సరుకుతో వచ్చి ఖాళీగా వెళ్తున్నారా? అయితే వెళ్లేటప్పుడు ఏదో ఒక లోడు చూసుకోండి, దానికి మించిన ఆదా ఇంకేదీ లేదు. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, సరుకు ఎక్కించేటప్పుడు ఇంజిను ఆపడం లాంటివి మీకు తెలిసినవే. హైవే పక్కన బయోడీజిల్ అని బోర్డు పెట్టి చవగ్గా అమ్మే సరుకు మాత్రం వద్దు. బయోడీజిల్ అమ్మకానికి 2019 ఏప్రిల్‌లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, రిజిస్ట్రేషన్, నాణ్యత ప్రమాణాలు అన్నీ ఉన్నాయి. వాటిని పాటించకుండా ఆ పేరుతో ఏ ఇండస్ట్రియల్ ఆయిల్ కలిపి పోస్తారో చెప్పలేం.

సబ్బవరం ఇంజిను విషయంలో నా జవాబు వేరు. పాత సింగిల్ సిలిండర్ ఇంజిన్లకి ఎలక్ట్రానిక్స్ లేవు, నాజిల్ ఒకటే, ఊళ్లో మెకానిక్ విప్పి బిగించగలడు. మంచి బయోడీజిల్‌ని డీజిల్లో 20 శాతం దాకా కలిపి నడిపితే సాధారణంగా తట్టుకుంటాయి. పాత రబ్బరు పైపుల్ని బయోడీజిల్ ఉబ్బించి మెత్తబరుస్తుంది, అవి మార్చాలి. ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మురికిని కరిగించి తెస్తుంది కాబట్టి మొదట్లో ఫిల్టర్ తరచూ చూసుకోవాలి. కానీ ఇది కూడా ఇంట్లో చేయమని కాదు. మీకు నిజంగా నేర్చుకోవాలని ఉంటే ఆంధ్ర యూనివర్సిటీ కెమికల్ ఇంజినీరింగ్ విభాగంలో గానీ, 2016లో మన ఊళ్లో మొదలైన పెట్రోలియం, ఎనర్జీ సంస్థ ఐఐపీఈలో గానీ అడిగి చూడండి. ఇలాంటి నూనె మీద ప్రాజెక్టులు చేసే విద్యార్థులకి మీ టిఫిన్ సెంటర్ నూనె శాంపిల్ పనికొస్తుంది, మీకు మీ నూనెలో ఆమ్లం ఎంతుందో తెలుస్తుంది. అక్కడ ఒక లీటరు చేసి చూస్తే చాలు. బాగా వచ్చిందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. 27 మిల్లీలీటర్ల మిథనాల్లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ పోసి కలుపుతారు. పూర్తిగా కరిగిపోతే నూనె బాగా మారినట్టు, అడుగున నూనె చుక్కలు మిగిలితే మారనట్టు. చేసింది కూడా ఎక్కువకాలం నిల్వ ఉండదు. మన సముద్రపు గాలిలో తడి ఎక్కువ, బయోడీజిల్ ఆ తడిని లాక్కుని బూజు పడుతుంది. రెండు మూడు నెలల్లో వాడేయాలి.

సబ్బుల సంగతి. అడుగున మిగిలేది మందుల షాపులో దొరికే గ్లిజరిన్ కాదు. అందులో మిగిలిపోయిన మిథనాల్ ఉంటుంది, కాస్టిక్ సోడా ఉంటుంది, మాడిన నూనె వాసన ఉంటుంది. మిథనాల్ తీసేయాలంటే దాన్ని కాచి ఆవిరిని చల్లబరిచి పట్టాలి, ఇంట్లో అది ఇంకో ప్రమాదం. కాలువలో పోస్తే గడ్డకట్టి మూసుకుపోతుంది, మొక్కలకి పోస్తే చస్తాయి. అయినా సబ్బు చేయడానికి గ్లిజరిన్ ఎందుకు? వడగట్టిన నూనె, కొలిచి వేసిన కాస్టిక్ సోడా, నీళ్లు ఉంటే చాలు, మిథనాల్ అక్కర్లేదు. చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు పెట్టుకుని, స్టీలు గిన్నెలో, సోడాని నీళ్లలో కొంచెం కొంచెంగా వేయమనండి. సోడా మీద నీళ్లు మాత్రం పోయకూడదు. నెల రోజులు ఆరనిచ్చాక ఆ సబ్బు గిన్నెలకి, టిఫిన్ సెంటర్ బండలకి బాగా పనిచేస్తుంది. ఒంటికి మాత్రం వద్దు.